ఇంకొంచెం పైకి

మదాం ఒడీల్ ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఎనిమిదేళ్లు తన దగ్గర సెల్లో నేర్చుకున్న పిల్ల వందమంది ముందు తప్పు లేకుండా వాయించి వస్తే, కళ్లద్దాలు పైకి తోసుకుని ఇంగ్లీషులో ‘పరవాలేదు’ అనేది. అంతే. ఆ ‘పరవాలేదు’ కోసం ట్రాయ్ ఊళ్లోని తెలుగు తల్లులు మిషిగన్ చలిలో పొద్దున్నే లేచి, డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోసుకుని, పిల్లని ముందు సీట్లో, పెద్ద వయొలిన్‌లా పిల్లంత పొడుగున్న సెల్లోని వెనక సీట్లో పెట్టుకుని ఆమె ఇంటికి తీసుకొచ్చేవారు. ఆమె చేత చీవాట్లు తినడానికి కూడా అర్హత ఉండాలని వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారు.

ఆమెకు డెబ్బై ఒక్కేళ్లు. పుట్టింది ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో. తండ్రి పింగాణీ ఫ్యాక్టరీలో పళ్లేలకు మెరుగు పెట్టేవాడు. ఆ ఊరి సంగీత పాఠశాలలో పిల్లలందరూ పియానో కావాలని, వయొలిన్ కావాలని ఎగబడితే, అడిగేవాళ్లు లేక మూల పడివున్న సెల్లో ఒకటి మిగిలింది. దాన్ని ఉచితంగా ఇంటికి ఇస్తామన్నారు. ఇంట్లో ఉచితం అన్న మాటకు ఉన్న విలువ ఇంకే మాటకూ లేదు కాబట్టి, ఎనిమిదేళ్ల ఒడీల్ సెల్లో వాయిద్యకారిణి అయింది. ఇందులో దైవ సంకల్పం ఏమీ లేదు.

పదిహేడో ఏట పారిస్ వెళ్లింది. అక్కడి మాస్టారు ముసలి మొండి ఘటం. పిల్లలు ఎదుట కూర్చుని వాయిస్తుంటే, ఎవరి స్వరం ఒక్క వెంట్రుక వాసి జారినా గొడుగు కర్రతో నేలమీద టక్కున కొట్టేవాడు. కారణం చెప్పేవాడు కాదు. ఎక్కడ తప్పిందో వాయించినవాడే కనిపెట్టుకోవాలి. ఆయన్ను ఎదురడిగిన విద్యార్థి ఆ నాలుగేళ్లలో ఒక్కడూ లేడు. ఒడీల్ ఆ గొడుగు దెబ్బకు ఎన్ని రాత్రులు ఏడ్చిందో లెక్క లేదు కానీ, చెవి మాత్రం తయారైంది. ఆమెకు పేరు తెచ్చింది వేళ్లు కాదు, ఆ చెవే. తోటివాళ్లు తీగలు శ్రుతి చేసుకోవడానికి పియానో దగ్గరికి పరిగెత్తకుండా ఆమె దగ్గరికి వచ్చేవారు.

ఇరవై ఏడో ఏట రేమండ్ అనే అమెరికన్‌ని పెళ్లాడి ఇక్కడికి వచ్చింది. ఆయన డెట్రాయిట్‌లో కార్ల తలుపులు గీసే ఇంజనీరు. ఆమెకు ఒక ఆర్కెస్ట్రాలో చివరి వరస కుర్చీ దొరికింది. ముందు వరసకు ఎప్పటికీ రాలేనని తెలిశాక, ఇంట్లో పాఠాలు మొదలుపెట్టింది. పిల్లలు పుట్టలేదు. రేమండ్ పోయి తొమ్మిదేళ్లు. ఇక ఆమెకు మిగిలింది ముందు గది, రెండు కుర్చీలు, వారానికి తొమ్మిదిమంది పిల్లలు.

పారిస్ మాస్టారి పద్ధతులన్నీ ఆమె ఉన్నవున్నట్టు ట్రాయ్‌కి దించేసింది. మొదటి మూడు నెలలు పాట పాడాల్సిందే, సెల్లో ముట్టుకోవడానికి వీల్లేదు. స్వరం సరిగ్గా ఉందో లేదో చూపించే ట్యూనర్ అనే చిన్న మెషీన్ ఇప్పుడు ప్రతి పిల్ల దగ్గరా ఉంటుంది. ఆమె గుమ్మంలోనే దాన్ని బ్యాగులో పెట్టించేది. చెవిని మెషీన్‌కి అప్పజెప్పినవాళ్లు నా ఇంట్లో వాయించక్కర్లేదు అనేది. తన ఇంట్లో చెవి అంటే ఒకటే చెవి, అది ఆమెది.

తెలుగువాళ్లకు ఈ కట్టుబాట్లు కొత్తగా అనిపించలేదు. పైగా ముచ్చటేసింది. దసరాకి పళ్లెంలో పళ్లు, తమలపాకులు, జాకెట్టు ముక్క పెట్టి తెచ్చేవారు, పిల్లల చేత కాళ్లకు దణ్ణం పెట్టించేవారు. మొదటి ఏడాది ఆమె బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ జాకెట్టు ముక్కలు కమానుకి రాస్తే సెల్లో మీద రాలే రోజిన్ పొడి తుడుచుకోవడానికి ఇచ్చారనుకుని చాలాకాలం అందుకే వాడింది. ఎవరూ అదేమిటని అడగలేదు. గురువుగారు ఏం చేస్తే అదే పద్ధతి.

హాసిని తొమ్మిదో ఏట వచ్చింది. పల్చటి పిల్ల, మాట తక్కువ. తల్లి త్రివేణి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తుంది, తండ్రి కౌశిక్ కార్ల కంపెనీలో ఇంజనీరు. మొదటి పాఠంలోనే ఒడీల్‌కు తెలిసిపోయింది. పిల్ల పాడిన స్వరం గోడకు కొట్టిన మేకులా ఉన్నచోట ఉండిపోయింది. నలభై ఏళ్లలో అలాంటి చెవి ఆమెకు ఒక్కటే దొరికింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పే అలవాటు లేదు. కానీ హాసిని పాఠం గంట అయితే గంటన్నర నడిచేది, గంటన్నర రెండు గంటలయ్యేది.

పదిహేడో ఏట హాసిని మ్యూజిక్ కాలేజీకి అప్లై చేస్తానంది. ఇంట్లో పెద్ద రభస జరిగింది. చివరికి కౌశిక్ ఒక ఒప్పందానికి వచ్చాడు. పక్క రాష్ట్రంలోని ఫలానా కాలేజీలో సీటు వస్తే సంగీతం, రాకపోతే నోరెత్తకుండా ఇంజనీరింగ్. త్రివేణి వచ్చి ఈ మాట చెప్పి, ‘ఇక మీ చేతుల్లో ఉంది మదాం’ అంది. ఒడీల్ తల ఊపింది. తన చేతుల్లో ఉన్నది ఏదీ చెడదని ఆమెకు నమ్మకం.

అప్పటికే ఏదో చెడిపోతోంది. ఏం చెడిపోతోందో ఆమెకు తెలియలేదు.

రెండేళ్ల కిందట మొదలైంది. తన సెల్లోలో పై స్వరాలు దిగిపోయినట్టు వినిపించసాగాయి. చలికాలం హీటర్ గాలికి చెక్క ఎండిందనుకుంది. తీగలు మార్చింది. బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్తే, అన్నీ చూసి ఇది నిక్షేపంలా ఉందన్నాడు. అతనికి పని రాదని తేల్చేసింది. పియానో శ్రుతి చేసే మనిషి వస్తే, కుడివైపు మెట్లన్నీ దించేశావని ఇంటిమీద కప్పు లేచిపోయేట్టు అరిచింది. అతను మెషీన్ పెట్టి చూపించబోతే చూడనంది. అతను మళ్లీ రాలేదు. ఆమె పియానో మూత వేసి పైన పూలకుండీ పెట్టింది. నెలకోసారి కలిసి వాయించే ముగ్గురిలో వయొలిన్ ఆవిడ ఒకసారి, ‘అలసిపోయావా ఒడీల్?’ అని మెల్లిగా అడిగింది. ఒడీల్ ఆ బృందమే మానేసింది. ముక్కుమీద కోపం ఉన్న మనిషికి నిజం చెప్పేవాళ్లు మిగలరు. ఆమె ఒక్కొక్కరినే గుమ్మం దాటించి, చివరికి తన మాట కాదనలేని పిల్లల మధ్య మిగిలింది.

అక్టోబర్‌లో హాసిని, కాలేజీవాళ్ల ముందు వాయించి చూపించే ఆడిషన్ కోసం కొత్త రచన మొదలుపెట్టింది. పక్కన పియానో గానీ ఇంకొకరు గానీ లేకుండా సెల్లో ఒక్కటే వాయించాల్సిన పాత రచన అది. మొదటి సగం కింది స్వరాలు. రెండో సగంలో స్వరం పైకి, పైపైకి వెళ్తుంది. సెల్లోలో స్వరం పైకి పోవాలంటే చెయ్యి కిందికి జారాలి. హాసిని చెయ్యి జారి, వేలు ఒకచోట ఆగింది. ఒడీల్ నొసలు చిట్లించింది.

“ఇంకొంచెం పైకి,” అంది.

హాసిని కమాను ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఒక్క క్షణమే. తర్వాత వేలు జరిపింది.

“ఇంకొంచెం.”

మళ్లీ జరిపింది. అక్కడ ఒడీల్‌కు ప్రాణం లేచివచ్చింది. అదీ స్వరం. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టించింది. అలా ఆ పేజీ నిండా పై స్వరాలన్నిటికీ పైకి చూసే చిన్న బాణం గుర్తులు పడ్డాయి. వారం వారం పిల్ల పాత చోటికే వచ్చేది, ఒడీల్ మళ్లీ తోసేది. ఈ వయసులో చెవి మొద్దుబారుతుందేమో, ఫోన్‌లో పాటలు వింటే ఇంతే అని ఒకసారి కసిరింది కూడా. డిసెంబర్ వచ్చేసరికి హాసిని వేలు గురువు చెప్పిన చోటికే సూటిగా వెళ్లడం నేర్చుకుంది.

జనవరిలో ఒక రోజు త్రివేణి అత్తగారు శేషమ్మ పాఠానికి వచ్చింది. ఆవిడ విజయవాడ నుంచి ఆరు నెలల కోసం వచ్చింది, చిన్నప్పుడు పదేళ్లు సంగీతం నేర్చుకున్నదట. స్వెటర్ మీద శాలువా కప్పుకుని సోఫా చివర కూర్చుని కళ్లు మూసుకుంది. హాసిని పై స్వరాల దగ్గరికి రాగానే ఆవిడ ముఖం ముడుచుకుపోయింది, పంటి కింద రాయి పడ్డట్టు. ఒడీల్ చూసింది. ఏమిటని అడిగితే శేషమ్మ కంగారుగా తల అడ్డంగా ఊపి కోడలితో ఏదో అంది. త్రివేణి నవ్వి, ‘మా అత్తయ్యకి మీ మ్యూజిక్ కొత్త మదాం, మీ పద్ధతి ఇలా ఉంటుంది కాబోలు అంటున్నారు’ అని చెప్పింది. ఒడీల్ గర్వంగా అవునంది.

ఫిబ్రవరిలో ఆడిషన్‌కు ఆమె కూడా వెళ్లింది. ఏ విద్యార్థి వెంటా అంత దూరం వెళ్లింది లేదు. గది బయట, మూసిన తలుపుకు ఆనుకుని ఉన్న బెంచీ మీద కూర్చుంది. హాసిని లోపలికి వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, ‘మీరు ఇక్కడే ఉంటారా?’ అని అడిగింది. ఇక్కడే ఉంటాను, ప్రతి స్వరం వింటాను అంది ఒడీల్. లోపల వాయిద్యం మొదలైంది. ఆ ఇరవై నిమిషాలు ఆమె ఊపిరి బిగబట్టే ఉంది. కమాను నడక, కింది స్వరాల నిండుతనం, తర్వాత ఆ పైపైకి ఎక్కడం. ఒక్కటి కూడా జారలేదు. తలుపు తెరుచుకుని హాసిని బయటికి రాగానే, జీవితంలో మొదటిసారి ఆమె ఒక విద్యార్థి చేతులు పట్టుకుని, “చాలా బాగా వాయించావు,” అంది.

హాసిని ఏడ్చేసింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని ఒడీల్ ఆమె వీపు నిమిరింది.

మార్చి మూడో వారంలో సీటు రాలేదని తెలిసింది. ఆ మర్నాడు ఒడీల్‌కు అక్కడి ప్రొఫెసర్ నుంచి విడిగా ఈమెయిల్ వచ్చింది. అది మర్యాదగా రాసిన ఉత్తరం. మీ విద్యార్థి కమాను పట్టు మేము ఈ ఏడాది చూసినవాటిలో అన్నిటికంటే మెరుగైనది, అందుకే ఇది రాయాలనిపించింది అన్నాడు. కానీ పై స్వరాలన్నీ ఒకే తీరుగా, మొదటి నుంచి చివరిదాకా ఉండాల్సిన చోటికి పైన పలికాయి. చెవి లేని అమ్మాయి అనుకోక తప్పలేదు. క్షమించండి.

ఒడీల్ ఆ ఉత్తరం చదివి గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఫ్రెంచిలో తిట్లు లంకించుకుంది. వాళ్లు చెవిటివాళ్లు. మెషీన్లకు అమ్ముడుపోయినవాళ్లు. ఆ కోపం సాయంత్రం దాకా నిలబడింది.

సాయంత్రం తొమ్మిదేళ్ల ఇషా పాఠానికి వచ్చింది. పిల్ల మరిచిపోయి ట్యూనర్ సెల్లోకి తగిలించే తెచ్చింది. ఒడీల్ తీయమనబోయి ఆగింది. ఇషాని నీళ్లు తాగి రమ్మని లోపలికి పంపింది. పిల్ల సెల్లోని తన మోకాళ్ల మధ్యకు లాక్కుని, పై స్వరం ఒకటి, తనకు సరిగ్గా వినిపించిన చోట వేలు పెట్టి వాయించింది. ట్యూనర్‌లో ముల్లు మధ్య గీత దాటి కుడివైపుకి పోయి ఎర్రగా నిలబడింది. ఇంకో స్వరం వాయించింది. మళ్లీ ఎరుపే. ముల్లు మధ్యకు వచ్చి పచ్చగా వెలిగేదాకా వేలు జరుపుతూ పోయింది. వెలిగిన చోట వినిపించిన స్వరం ఆమె చెవికి సొట్టపోయినట్టుంది. అక్టోబర్‌లో హాసిని మొదట వాయించిన స్వరం అదే.

ఆమె వేలు అక్కడి నుంచి తీయలేదు. ఇషా వచ్చి నిలబడింది. ‘మదాం, ఆర్ యూ ఓకే?’ అని రెండుసార్లు అడిగింది.

చెవుల డాక్టరు కుర్రది, నిదానంగా చెప్పింది. కుడి చెవి దాదాపు పోయింది. ఎడమ చెవికి శబ్దం అందుతోంది, కానీ పై స్వరాలు ఉన్న చోటికంటే కిందికి వినిపిస్తున్నాయి. ఇలాంటిది కొందరికి వస్తుంది. చెవిలో మెషీన్ పెట్టుకుంటే గట్టిగా వినిపిస్తుంది, సరిగ్గా వినిపించదు. ఎన్నాళ్ల నుంచి అని డాక్టరు అడిగితే, రెండేళ్ల నుంచి అని ఒడీల్ చెప్పింది. ఆ రెండేళ్లలో ఎవరూ మీకు చెప్పలేదా అని అడిగితే మాత్రం కోటు తీసుకుని లేచింది.

చెప్పాలి. హాసినికి చెప్పాలి. ఇది చిన్నపిల్లకైనా తెలిసే సంగతి. ఒడీల్ పదకొండు రోజులు చెప్పలేదు.

ఆ పదకొండు రోజులు ఆమెను నేను వెనకేసుకు రాను. ఒక్క మాట బయటపడితే, తొమ్మిదిమంది తల్లులకు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో తెలిసిపోతుంది. ముందు గది ఖాళీ అవుతుంది. ఆ గది లేకపోతే ఆమె ఎవరు? భర్త పోయిన ఒక విదేశీ ముసలావిడ, అంతే. చెవి లేని సంగీతం టీచరు అన్న మాట ఫ్రెంచిలో తనకు తాను చెప్పుకుని చూసింది, సగంలోనే ఆపేసింది. పిల్లలు వస్తూనే ఉన్నారు. ఆమె పై స్వరాలున్న పాఠాలు పక్కనపెట్టి, వాళ్ల మోచేతులు చూసి దిద్దుతూ రోజులు నెట్టింది. రోజూ పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకుని త్రివేణి పేరు దాకా వెళ్లి పెట్టేసేది.

పన్నెండో రోజు శనివారం. వాళ్లే వచ్చారు.

త్రివేణి చేతిలో పళ్లెం ఉంది. పళ్లు, తాంబూలం, ఈసారి జాకెట్టు ముక్క కాదు, చీరే పెట్టారు. వెనక శేషమ్మ, ఆవిడ వెనక హాసిని. కూర్చోమన్నా త్రివేణి కూర్చోలేదు. ఎనిమిదేళ్లు మీరు ఇంత కష్టపడితే మా పాప మీకు చెడ్డపేరు తెచ్చింది, మీరు అంత దూరం వచ్చి కూర్చున్నా నిలబెట్టలేకపోయింది, మీ ముఖం చూడటానికి కూడా మాకు సిగ్గుగా ఉంది అంది. పాప ఇంజనీరింగ్‌లో చేరుతోంది. అద్దెకు తెచ్చిన సెల్లో వచ్చే శనివారం షాపుకి తిరిగి ఇచ్చేస్తున్నారు. తనకి చెవి చాలదని పాపే అందట. అందుకే మీకు ఒకసారి సారీ చెప్పి వెళ్దామని వచ్చామంది.

హాసిని ముందుకు వచ్చి వంగి ఒడీల్ పాదాలు తాకింది. “ఐ యామ్ సారీ, మదాం.”

చెప్పడానికి ఇంతకంటే అదను దొరకదు. పిల్ల పాదాల దగ్గరే ఉంది. ఒడీల్ నోరు తెరిచింది. ఏళ్లుగా నేర్చుకున్న అలవాటు కొద్దీ చెయ్యి పిల్ల తలమీదికి వెళ్లింది. నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

“పరవాలేదు.”

వాళ్లు వెళ్లిపోయారు. పళ్లెం పియానో మీద పూలకుండీ పక్కన ఉంది. తను చేసిన తప్పుకు ఆ పిల్ల చేత కాళ్లు పట్టించుకుని, పైగా క్షమించి పంపింది. ఒడీల్ కుర్చీలో కూలబడి, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత అసహ్యంగా తన చేతులకేసి చూసుకుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారాక కోటు వేసుకుని కారు తీసింది.

తలుపు తీసిన త్రివేణి కంగారుపడింది, ఇల్లు సర్దలేదని. మదాం తమ ఇంటికి రావడం అదే మొదటిసారి. హాల్లో ఓ మూల సెల్లో పెట్టె, మూసి బెల్టులు బిగించి, తీసుకెళ్లడానికి తయారుగా ఉంది. హాసిని మెట్ల మీద నిలబడిపోయింది. శేషమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

ఒడీల్ కోటు విప్పకుండానే చెప్పేసింది. ప్రొఫెసర్ ఉత్తరం సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, అక్టోబర్ నుంచి పిల్ల సరిగ్గా పెట్టిన వేలుని తాను తప్పు చోటికి తోస్తూ వచ్చిన సంగతి. చెడింది హాసిని చెవి కాదు, నాది అంది.

త్రివేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అవి కోపంతో కాదు.

“మదాం, పాప బాధపడుతోందని మీరు బ్లేమ్ మీ మీద వేసుకుంటున్నారు. మాకు తెలుసు. మీరు అంత గొప్పవారు. ప్లీజ్, అలా అనకండి.”

ఒడీల్‌కు మతి పోయింది. నిజమే చెబుతున్నానంది. త్రివేణి కాఫీ తెస్తానంది. మళ్లీ చెప్పింది. మీ వయసులో అలా అనిపించడం సహజమే అంది త్రివేణి. తిడితే భరించేది, తలుపు ముఖాన వేస్తే సంతోషించేది. ఈ నమ్మకాన్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. నలభై ఏళ్లు తానే కట్టించుకున్న గోడ ఇది, ఇప్పుడు గుద్దుకుంటుంటే ఇటుక కూడా కదలడం లేదు.

“సెల్లో బయటికి తియ్యి,” అంది హాసినితో. “ట్యూనర్ పెట్టు. మీ అమ్మ చూస్తుంది.”

హాసిని తల్లివైపు చూసి, పెట్టె తెరిచింది. ఒడీల్ కుర్చీ గోడవైపు తిప్పుకుని, వాళ్లకు వీపు పెట్టి కూర్చుంది. పై స్వరం వాయించు, నేను సరిగ్గా ఉంది అన్నప్పుడు ఆపు అంది. స్వరం మొదలైంది. పైకి, ఇంకా పైకి, అని ఆమె చెబుతూ పోయింది. ‘ఆ, ఇదీ’ అన్నప్పుడు హాసిని కమాను ఆపింది. రెండో స్వరానికీ అంతే. మూడో స్వరం దగ్గర త్రివేణి, “చాలు మదాం,” అంది. ఆమె గొంతు మారిపోయింది. ట్యూనర్ మూడుసార్లూ ఎర్రగానే వెలిగింది.

ఒడీల్ కుర్చీ తిప్పుకుంది. ఆమెకు ఒక రకంగా ఊరట కలిగింది. నమ్మారు. ఇక పిల్ల తన చెవిని తాను నమ్ముతుంది.

“నీ చెవి సరైనదే హాసినీ. మొదటి రోజు నుంచీ సరైనదే. నీకది తెలియాలనే వచ్చాను.”

హాసిని కమాను ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ, “నాకు తెలుసు మదాం,” అంది. “అక్టోబర్ నుంచే తెలుసు. ఇంట్లో ట్యూనర్ పెట్టి చూశాను. ఇంట్లో కరెక్ట్‌గానే వాయించేదాన్ని. మీ దగ్గర మీరు చెప్పినట్టు వాయించేదాన్ని.”

త్రివేణి సోఫా అంచున కూర్చుండిపోయింది.

“మరి ఆడిషన్‌లో?” అంది ఒడీల్. “అక్కడ నేను లేనుగా. వాళ్లే ఉన్నారు. అక్కడైనా సరిగ్గా వాయించొచ్చుగా?”

“మీరు తలుపు బయట ఉన్నారు,” అంది హాసిని. “ప్రతి నోట్ వింటానన్నారు. నేను మార్చి వాయిస్తే మీకు తెలిసిపోతుంది కదా.”

ఒడీల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ బెంచీ, ఆ మూసిన తలుపు, తాను బిగబట్టిన ఊపిరి కళ్లముందు నిలిచాయి. జీవితంలో చేసిన ఒకే ఒక్క మెచ్చుకోలు. ఆ పిల్ల ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు అర్థమైంది. ఒక చదువు, ఒక బతుకు అటు వదిలేసుకుని, బెంచీ మీద కూర్చున్న ముసలిదాని మనసు నొప్పించకుండా వాయించి వచ్చిందన్నమాట. చెప్పలేదేం అని అడగబోయి మానుకుంది. చెప్పినవాళ్లందరికీ ఏం జరిగిందో ఆమెకే తెలుసు. నేను ఇక పాఠాలు చెప్పను, రేపటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుతాను అని మాత్రం అంది. వద్దని ఎవరూ అనలేదు.

కాసేపటికి ఆమె అడిగింది. ఆదేశించలేదు, అడిగింది. ఆ రెండో సగం ఒకసారి నీకు తెలిసినట్టు వాయిస్తావా అని.

హాసిని వాయించింది. కింది స్వరాలు నిండుగా లేచాయి. తర్వాత చెయ్యి కిందికి జారింది, స్వరం పైకి ఎక్కడం మొదలుపెట్టింది, ఒడీల్ చెవిలో అది ఎక్కడికక్కడ జారిపోతూ, వంకరపోతూ, మెడ విరిగినట్టు వినిపించింది. పళ్లు బిగించి కూర్చుంది. ఎదురుగా శేషమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్లు మూసుకుంది, ఈసారి ముఖం ముడుచుకోలేదు, చెంపల మీదుగా నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. అంత బాగుందన్నమాట. ఒడీల్ దాన్ని ఆవిడ ముఖంలో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

చివరి స్వరం ఆగాక, హాసిని ఎప్పటిలాగే తలెత్తి గురువు ముఖంలోకి చూసింది. ఒడీల్ శేషమ్మ వైపు తిరిగింది.

“సరిగ్గా ఉందా?” అని అడిగింది.

శేషమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఇప్పుడు సరిగ్గా ఉందమ్మా,” అంది తెలుగులో.

హాసిని ఒక్క క్షణం తటపటాయించి, సరిగ్గా ఉందంటున్నారు అని ఇంగ్లీషులో చెప్పింది. ‘ఇప్పుడు’ అన్న మాట వదిలేసింది. ఇరవై ఏళ్లుగా తన గుమ్మంలో నిలబడి తల్లులు పిల్లలతో అనే మాటల్లో, ఒడీల్‌కు అర్థం తెలిసిన తెలుగు మాట ఆ ‘ఇప్పుడు’ ఒక్కటే.